లెక్కల పేటలో నోటిమాట అప్పులు

సీఏ చదువులకు పేరుపడిన తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌లో చిన్నజీవికి అప్పు కావాలంటే బ్యాంకు కంటే ముందు గుర్తొచ్చేది కమిటీ. పల్లె నుంచి మూటగట్టుకొచ్చిన నమ్మకం నగరంలో ఎంతవరకు చెల్లుబాటవుతుంది?

ఐటీఓ వంతెన మీదుగా యమున దాటితే ఢిల్లీ మారిపోతుంది. విశాలమైన రోడ్లు, చెట్ల నీడలు అవతలి ఒడ్డునే ఆగిపోతాయి. వికాస్ మార్గ్‌లో తలెత్తితే మెట్రో పట్టాలు, తల దించితే ఈ-రిక్షాలు, మధ్యలో ఎటు చూసినా బోర్డులే. అకౌంట్స్, కాస్టింగ్, ట్యాక్స్ అంటూ సబ్జెక్టుకో మాస్టారు దేవుడి పటంలోలాగా చిరునవ్వు నవ్వుతుంటారు. 2010 జనవరిలో మెట్రో రైలు యమునా బ్యాంక్ నుంచి ఆనంద్ విహార్ వైపు సాగాక ఈ పేట దేశంలోని సీఏ విద్యార్థులకు మరింత దగ్గరైంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ భవనం కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. అది ఉన్న చోటు పేరు విశ్వాస్ నగర్.

సంపదకు అధిదేవత పేరు పెట్టుకున్న పేట, పక్కనే నమ్మకం పేరు పెట్టుకున్న పేట. పైసా తేడా రాకుండా లెక్కలు కట్టడం నేర్చుకోవడానికి ఏటా వేలాది మంది వచ్చి దిగే ఈ గల్లీల్లోనే, రసీదు కూడా లేని డబ్బు చేతులు మారుతుంటుంది. పై అంతస్తులో బ్యాలెన్స్ షీట్ పాఠం, కింద చాయ్ దుకాణంలో జేబు డైరీలో పెన్సిల్‌తో రాసుకున్న బాకీలు. రెండూ పద్దులే. మొదటిదానికి ఆడిటర్ ఉంటాడు. రెండోదానికి ఉన్నది ఊరి పేరు ఒక్కటే.

ఊరి పేరంటే చిన్న విషయమేమీ కాదు. ఈ పేటను నడిపిస్తున్నది బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పల్లెల నుంచి వచ్చిన వాళ్లు. ఇస్త్రీ బల్ల, కూరగాయల బండి, విద్యార్థుల మెస్, ఫొటోకాపీ దుకాణం, ఈ-రిక్షా... ఏది చూసినా వెనక ఒక పల్లె ఉంటుంది. అద్దె గదికి ఒప్పంద పత్రం ఉండదు, కరెంటు బిల్లు యజమాని పేరున వస్తుంది, ఆధార్ కార్డులో ఇప్పటికీ ఊరి చిరునామాయే. అలాంటి మనిషికి వ్యక్తిగత రుణం ఇవ్వాలంటే బ్యాంకు మేనేజర్ జీతం చీటీ అడుగుతాడు. పక్క గల్లీలో ఉండే సొంత జిల్లావాడు మాత్రం ఎవరి కొడుకువని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నవాడికి అప్పు పుడుతుంది.

ఈ ఇళ్లలో మనుషులు ఎంత కిక్కిరిసి బతుకుతారో దేశానికి తెలిసింది 2010 నవంబర్ 15న. ఆ సాయంత్రం ఇక్కడి లలితా పార్క్‌లో ఐదంతస్తుల భవనం కుప్పకూలి దాదాపు 70 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలి పనికి వచ్చిన కుటుంబాల వాళ్లే. ఒక గదిలో ఎవరెవరు ఉంటున్నారో కాగితం మీద లేని చోట, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో కాగితం మీద ఎందుకుంటుంది?

ఇక్కడి అప్పుకు ప్రధాన వాహనం కమిటీ. కొందరు బీసీ అంటారు, కాస్త స్థితిపరుల ఇళ్లలో ఆడవాళ్లు కిట్టీ అంటారు. తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన చిట్టీయే. మన పాటను వాళ్లు బోలీ అంటారు. 20 మంది నెలకు 5,000 రూపాయల చొప్పున వేసుకుంటే లక్ష రూపాయల కమిటీ. చాలాచోట్ల మొదటి నెల సొమ్ము నడిపేవాడిది, అదే అతని కూలి. నాలుగో నెలలో ఒకడికి చెల్లెలి పెళ్లి వచ్చిపడిందనుకుందాం. 18,000 వదులుకుంటానని పాడి 82,000 తీసుకుంటాడు. ఆ 18,000 ఇరవై వాటాలై, ఒక్కొక్కరికి ఆ నెల 900 మిగులుతుంది, 4,100 కడితే సరిపోతుంది. ముందు పాడినవాడు వడ్డీ కడతాడు, చివరిదాకా ఆగినవాడు వడ్డీ తింటాడు. బ్యాంకు, ఖాతాదారు, రుణగ్రస్థుడు అందరూ ఆ ఇరవై మందే. ఇందులోని అందం అదే.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. నాలుగో నెలలో పాడుకున్నవాడు ఆ తర్వాత 16 నెలలు కడతాడన్న హామీ ఏమిటి? నడిపేవాడు ఏడో నెలలో గది ఖాళీ చేసి పోడన్న హామీ ఏమిటి? అందుకే ఈ గల్లీల్లో మనిషిని తూచడానికి రాయని కొలబద్దలు కొన్ని ఉన్నాయి. దుకాణం సొంతమా, అద్దెదా? పెళ్లాం పిల్లలు ఇక్కడే ఉన్నారా, ఊళ్లోనా? పిల్లలు ఇక్కడి బడిలో చదువుతున్నారంటే మార్కులు ఎక్కువ, ఎందుకంటే బడి మధ్యలో వదిలి రాత్రికి రాత్రి పారిపోవడం కష్టం. పాత కమిటీ పూర్తి చేశాడా? ఊళ్లో అన్నదమ్ములు ఎవరు? క్రెడిట్ స్కోరు కట్టే కంపెనీలకు ఇంతకంటే సూక్ష్మమైన సూత్రమేమీ ఉండదు. ఒక్కటే తేడా. ఇది కులానికి, జిల్లాకు, మతానికి లోబడి పనిచేస్తుంది. తనవాళ్లు లేని ఒంటరి వలసజీవికి ఈ తలుపు తెరుచుకోదు.

చట్టం మాటకొస్తే, 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్ నడపడం నేరం. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. రిజిస్టరైన చిట్ నడిపే ఫోర్‌మన్ చిట్టీ మొత్తానికి సమానమైన సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేయడం లాంటి హామీ చూపాలి. తగాదా వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెబుతాడు. 2019లో చట్టాన్ని సవరించి ఫోర్‌మన్ కమిషన్‌ను 5 నుంచి 7 శాతానికి పెంచారు, వ్యక్తులు నడిపే చిట్లపై ఉన్న లక్ష రూపాయల పరిమితిని 3 లక్షలు చేశారు. గల్లీ కమిటీకి ఇవేవీ తెలియవు. కూలిపోయినప్పుడు మాత్రం తెలుస్తాయి. ఠాణాకు వెళితే మొదట అడిగేది కాగితం. కాగితం ఉందంటే అనుమతి లేని చిట్‌లో చేరినట్టు, లేదంటే అసలు డబ్బే ఇవ్వనట్టు. మోసపోయినవాడు రెండు విధాలా ఇరుక్కుంటాడు.

కమిటీలో చోటు దొరకనివాడికి రోజువారీ ఫైనాన్స్ దిక్కు. పేరుపొందిన ఇక్కడి మంగళ్ బజార్ లాంటి చోట తోపుడు బండి పెట్టుకునేవాడికి తెల్లవారేసరికి సరుకు డబ్బు కావాలి. మన బెజవాడలోనూ ఈ పద్ధతి కొత్త కాదు. కాగితం మీద 10,000 అని చెప్పి ముందే 1,500 కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరుగుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కన అది 120 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పై అంతస్తులోని సీఏ కుర్రాడు ఐదు నిమిషాల్లో వేసే లెక్క ఇది. కింద బండివాడికి చెప్పేవాళ్లు లేరు. చెప్పినా అతనికి వేరే దారి కావాలి కదా!

దారి ఒకటి వేశారు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారికి తొలి విడత 10,000 రూపాయలు హామీ లేకుండా ఇవ్వడం మొదలైంది. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. 2025లో తొలి విడతను 15,000కు పెంచారు. అయితే దీనికి కూడా వ్యాపారి ధ్రువపత్రమో, స్థానిక సంస్థ సిఫార్సు లేఖో ఉండాలి. మళ్లీ కాగితమే. అది సంపాదించిన వాళ్లకు ఈ పథకం నిజంగానే మేలు చేసింది. సంపాదించలేనివాడు సాయంత్రం మోటార్ సైకిల్ మీద వసూలుకొచ్చే మనిషి కోసం వంద నోటు పక్కన పెట్టుకుంటాడు.

అసలు ఇక్కడ పుట్టే అప్పులో ఎంతో భాగం ఇక్కడ ఖర్చు కాదు. ఊరికి పోతుంది. అమ్మ ఆపరేషన్, చెల్లెలి పెళ్లి, ఇంటి పైకప్పు, అన్నింటికంటే ముఖ్యంగా ఊరి షావుకారు పాత బాకీ. నూటికి నెలకు ఐదు రూపాయల అప్పును తీర్చడానికి రెండు, మూడు రూపాయల అప్పు చేయడం వలసజీవికి పొదుపు కిందే లెక్క. 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతు అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం, వాణిజ్య బ్యాంకులది ఒక్క శాతమైనా లేదని తేలింది. 2019 నాటి జాతీయ సర్వేకు వచ్చేసరికి గ్రామీణ అప్పులో 66 శాతం సంస్థలది. డెబ్బై ఏళ్లలో ఇది చిన్న విజయమేమీ కాదు. అయినా మూడింట ఒక వంతు ఇప్పటికీ బయటి అప్పే, పేదకుటుంబాల్లో ఆ వాటా మరింత ఎక్కువ.

ఈ విషయంలో లక్ష్మీ నగర్ కంటే తెలుగు నేల ముందే కాలు కాల్చుకుంది. షావుకారుకు ప్రత్యామ్నాయమంటూ వచ్చిన మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల తీరుపై 2006లోనే కృష్ణా జిల్లాలో గగ్గోలు పుట్టి శాఖలు మూతపడ్డాయి. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌కెక్కాయి. ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబర్ 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి ముందు కూర్చుని వసూలు చేయకూడదు, వారం వారం కాదు నెలకే వాయిదా అని కట్టడి చేసింది. విచిత్రమేమిటంటే, ఈ కంపెనీలు తలుపు తట్టింది గ్రామంలో అప్పటికే ఉన్న నమ్మకాన్నే. ఐదుగురు ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ పడే పద్ధతి పొదుపు సంఘాలు పెంచిన మొక్క. దానికి వేగంగా లాభాలు కాయించబోయి వేరు పెకిలించారు. తర్వాత 2015 డిసెంబర్‌లో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ప్రామిసరీ నోట్లు ఎంత పదునైన ఆయుధాలో తెలిసింది. చెక్కు చెల్లకపోతే జైలుకు పంపగల చట్టం ఉన్నప్పుడు ఖాళీ చెక్కు ఇచ్చినవాడు తాళం చెవి ఇచ్చినట్టే. ఢిల్లీలో వర్తించే 1938 నాటి పంజాబ్ చట్టం ప్రకారం లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి కోర్టుకెక్కి బాకీ రాబట్టుకోలేడు. కానీ గల్లీలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

నమ్మదగిన ఊరి అప్పు ఎక్కడైనా ఉందా అంటే ఉంది. ముల్కనూరులో. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఎ.కె. విశ్వనాథరెడ్డి 1956లో ప్రారంభించిన సహకార గ్రామీణ బ్యాంకు అప్పిచ్చి ఊరుకోలేదు. విత్తనాలు, ఎరువులు తనే ఇచ్చింది, పండిన పంట తనే కొన్నది, బాకీ పోను మిగిలింది రైతు చేతిలో పెట్టింది. అప్పిచ్చినవాడికి, తీసుకున్నవాడికి ఒకే పంట మీద ఆశ ఉండడమే అక్కడి రహస్యం. 2000లో దాని పక్కనే మహిళల పాల డెయిరీ పుట్టింది. సహకార సంఘాలంటే రాజకీయ నాయకుల ఓటు పెట్టెలైపోయిన చోట ముల్కనూరు అపవాదంలా నిలబడింది. ఎందుకు దానికి వంద నకళ్లు రాలేదన్నది వేరే కథ. అయితే ఆ సూత్రం పొలం ఉన్నచోటే పారుతుంది. లక్ష్మీ నగర్‌లో పంట లేదు, జీతం తేదీ మాత్రమే ఉంది. అది కూడా అందరికీ లేదు.

ఈలోగా కమిటీ కూడా ఫోన్‌లోకి ఎక్కింది. బోలీ వాట్సాప్ గ్రూపులో, చెల్లింపు యూపీఐలో. కోరకుండానే ఒక లాభం జరిగింది. ఎవరు ఎంత, ఏ రోజు పంపారో ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటోంది. పెన్సిల్ డైరీ చెరిపేయొచ్చు కానీ దాన్ని చెరపలేరు. నష్టమూ అదే ఫోన్‌లో ఉంది. స్టైపెండ్ పీజీ అద్దెకే చాలని విద్యార్థికి ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లు ఎవరి కొడుకువని అడగవు. కాంటాక్టులు, ఫొటోలు చూడనిస్తే చాలు. బాకీ ఆలస్యమైతే ఆ ఫొటోలే ఊళ్లో మేనమామకు, పాత మాస్టారికి చేరుతాయి. 2020లో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. రిజర్వ్ బ్యాంకు వేసిన బృందం 1,100 అప్పుల యాప్‌లను లెక్కిస్తే అందులో 600 అక్రమమైనవని 2021లో తేలింది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం సొమ్ము నేరుగా రుణగ్రస్థుడి ఖాతాలోనే పడాలి, మొత్తం ఖర్చు ఏడాది శాతంలో ముందే చెప్పాలి. ఫలానా సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. ఊరి కమిటీలో ఊరంతా తెలిసిపోతుందన్న సిగ్గు అప్పును కాపాడుతుంది. యాప్‌లో అదే సిగ్గు సరుకు.

చీకటి పడ్డాక కోచింగ్ సెంటర్ల నుంచి కుర్రాళ్లు గుంపులుగా బయటికొస్తారు, చేతిలో లావుపాటి పుస్తకాలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మెట్రో స్తంభాల కింద మోమో బండ్ల దగ్గర పొగలు లేస్తాయి. ఒక మోటార్ సైకిల్ బండి బండి దగ్గరా ఆగుతూ వస్తుంది. దిగడు, ఇంజన్ ఆపడు. వంద నోటు అందుకుని, చిన్న కార్డు మీద ఒక గీత గీసి, తర్వాతి బండికి కదులుతాడు.