పెండ్లిచీర పుట్టిన ఇల్లు



మన పల్లె గుడిలో పెండ్లి జరుగునప్పుడు మీరును గమనించియుందురు. పెండ్లికుమార్తె తెల్లచీర కట్టుకొని, తలమీద ముసుగు వేసికొని, తండ్రి చేయి పట్టుకొని వాకిట అడుగు పెట్టగానే పాట మొదలగును, అందరును లేచి నిలుతురు. స్త్రీల కండ్లు మొదట చీర మీదికే పోవును. "ఎక్కడ తెచ్చిరి? ఎంత పెట్టిరి?" అను రెండు ప్రశ్నలు ఈ వరుస నుండి ఆ వరుసకు ప్రాకును. "ఎవరు నేసిరి?" అని అడిగినవారిని నేను వినలేదు. ఆ మూడవ ప్రశ్నను గూర్చియే మీతో మాటలాడ గోరుచున్నాను.

మా మేళ్లచెరువు పేరు చెప్పగానే దూరపువారికి సిమెంటు కర్మాగారములే తలపునకు వచ్చును. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడు వరకు మేము నల్లగొండ జిల్లావారము. ఆ పాత జిల్లాలో మేము కృష్ణకు దగ్గరగా ఒక కొసన ఉండగా, మరియొక కొసన హైదరాబాదు వైపున పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము అను నేతగాండ్ర ఊళ్లు ఉన్నవి. 1951లో వినోబా భావేగారికి మొదటి భూదానము దొరకిన పోచంపల్లి అదియే. అక్కడివారు నేయునది చిటికి నేత. ఒకే జిల్లావారమై యుండియు మేము వారి వస్త్రమునే గాని వారి ఇండ్లను ఎరుగము.

గత వేసవిలో మా సంఘపు తండ్రి యొకడు కుమార్తె పెండ్లికి చీర వెదకుచుండెను. తెల్లపట్టు మీద చిన్న చిన్న ఎఱ్ఱ చిటికి పూలు గల చీర కావలెనని ఆ పిల్ల ఆశ. పట్టణములో ఒక దుకాణమున అట్టిదే యని చూపిరి గాని అది అచ్చు గుద్దిన బట్ట. గుర్తు పట్టుట సులభమే, మీరును నేర్చుకొనుడి. అచ్చు బట్టకు పూవు అంచు కత్తితో కోసినట్లుండును, వెనుకకు త్రిప్పి చూచిన వెలవెలబోవును. నిజమైన చిటికిలో పూవు అంచు ఈకవలె కొంచెము మసకగా నుండును, రెండు వైపులను రంగు ఒక్కటే. చివరకు ఆ తండ్రి, "నేసెటోళ్లింటికే పోదాం అయ్యగారూ" అని నన్ను వెంటబెట్టుకొనెను. కోదాడ మీదుగా పెద్దరోడ్డు ఎక్కి, సూర్యాపేట, నకిరేకల్లు, చిట్యాల దాటి, చౌటుప్పల దగ్గర దారి మళ్లి పుట్టపాక చేరితిమి.

ఇల్లు అని వ్రాయుచున్నాను గాని అది ఇల్లో పనిశాలయో చెప్పుట కష్టము. వాకిలి దాటగానే నేలలో గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టుకొని మగ్గము మీద ఇంటి యజమాని. వంటగది గోడకు ఆనుకొని రాట్నము, దాని దగ్గర కోడలు. మంచము క్రింద కండెల బుట్ట. పెరటిలో రంగు తొట్టి, అక్కడ పెద్దకుమారుడు. పసివాని ఊయల మగ్గపు దూలమునకే కట్టియుండెను. పలక పడినప్పుడెల్ల ఊయల అదరుచుండెను గాని పసివాడు నిద్ర లేవలేదు. మాకు మజ్జిగ ఇచ్చి కూర్చుండబెట్టిరి. వారి విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను మమ్మును చుట్టములవలె ఆదరించిరి.

నేత యనగా నాడె విసరుటయే యని మనమనుకొందుము. ఆ యింట చూచినది వేరు. మగ్గము మీదికి రాకముందే చీర సంగతి నిర్ణయమైపోవును. ముందు పట్టుదారమును సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడికించి బంక పోగొట్టుదురు. తరువాత పేక దారమును ఆసు మీద పోయుదురు. గళ్ల కాగితము మీద గీసికొన్న పూవును చూచుకొనుచు, ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడెల్ల సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టుదురు. ఇదే చిటికి కట్టుట. కట్టిన దారమును రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, వరుస తప్పకుండ కండెలకు చుట్టుదురు. అప్పుడు గాని మగ్గమునకు పనిలేదు. నేయుచుండగా పోగు వెంట పోగు చేరి, ఎన్నడో వేరొక గదిలో కట్టిన పూవు కండ్లయెదుట తేలివచ్చును. నేయువాడు పూవును క్రొత్తగా చేయడు. ముందే దారములో నున్న పూవు చెదరకుండ పోగును జరిపి సరిచేయును, అంతే. అట్లని అది చిన్న పని కాదు, పోగు పోగుకు కన్ను పెట్టవలెను.

ఆసును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. అది వంపుగా మేకులు బిగించిన చట్రము. ఒకవైపు ఒంటి మేకు, ఎదుట వరుస మేకులు. దారము చేతబట్టి ఒంటి మేకు నుండి ఎదుటి మేకునకు, మరల వెనుకకు, మరల తరువాతి మేకునకు చాపిన చేయి చాపినట్లే పోవలెను. ఒక్క చీర పేకకు ఆ చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను, నాలుగైదు గంటలు పట్టును. రోజుకు రెండు చీరల ఆసు పోసిన చేయి 18,000 సార్లు ఆడినట్లు. ఈ పని తరతరములుగా ఇంటి ఆడవారిదే.

ఆ యింటి పెద్దమ్మను అడిగితిని, "ఎన్నేండ్లు పోసినవమ్మా?" అని.

"పెండ్లయి ఈ ఇంట్ల అడుగు పెట్టిన కాంచి పోసిన బిడ్డా. ఎన్ని చీరలకు పోసిన్నో లెక్క లేదు. పిల్లలు కడుపుల ఉన్నప్పుడు గూడ పోసిన." ఇట్లు చెప్పుచు ఆమె కుడిచేయి పైకెత్తబోయెను. అది భుజము దాటి పోలేదు. ఇప్పుడామెకు కొప్పు ముడుచుటకు కోడలు కావలెను.

ఇట్టి తల్లి యొకతె ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఉండెను. ఆమె కుమారుడు చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో బడి మానిన నేతగాడు. తల్లి నొప్పి చూడలేక, ఈ పనికి యంత్రము చేయవలెనని 1992లో పూనుకొని, అప్పులు చేసి, నవ్వులపాలై, 1999లో దానిని పూర్తి చేసెను. నాలుగైదు గంటల ఆసును అది గంటన్నరలో పోయును. దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది, 2019లో ఆయన కథ చలనచిత్రముగా కూడ వచ్చినది. తల్లిని సన్మానించుమను ఆజ్ఞ మీద మనము ఎన్ని ప్రసంగములు వినలేదు! ఇనుముతోను మేకులతోను దానిని నెరవేర్చిన మనుష్యుడు మన పాత జిల్లావాడే. పుట్టపాకలో మేము చూచిన ఇంటికిని ఆ యంత్రము వచ్చియున్నది. కోడలి భుజము బాగుగా నున్నది. అత్త భుజమునకే అది ఆలస్యముగా వచ్చెను.

తెల్లచీర మాట ఎత్తగానే రంగు వేయు కుమారుడు నవ్వెను. "తెల్లచీరకే కష్టమెక్కువ అయ్యగారూ. రంగుచీరకు పువ్వు కట్టాలె. తెల్లచీరకు పువ్వు ఇడిచిపెట్టి కడమంత కట్టాలె."

"కట్టు వదులై రంగు దూరినచో?"

"దూరితే ఇంక అంతే. ఎరుపు పట్టినంక మల్ల తెలుపు రాదు. తియ్యబోతే పట్టే పోతది."

సహోదరులారా, ఈ మాటలు నన్ను దారి పొడవున వెంటాడినవి. మనము తెల్లదనమనగా రంగునకు దూరముగా దాచిపెట్టినది అనుకొందుము. అక్కడ అట్లు కాదు. తెల్లగా మిగులవలసిన దారమును ఎఱ్ఱగా మారవలసిన దారముతో పాటు అదే తొట్టిలో ముంచుచున్నారు. దానిని కాపాడునది దూరము కాదు, కట్టు. మన ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యుల కొరకు ప్రార్థించినప్పుడు, వారిని లోకములో నుండి తీసివేయుమని అడుగలేదు, దుష్టుని నుండి కాపాడుమని అడిగెను. మన పిల్లలు చదువులకును కూలికిని హైదరాబాదు పోవుచున్నారు. పోవద్దని ఎవరు ఆపగలరు? తొట్టిలో మునుగుట తప్పదు. ఇంటిలో ఉన్నంత కాలము ప్రతి సాయంకాలము కూర్చుండి చేసిన ప్రార్థన, తండ్రి త్రాగక కూలి డబ్బు ఇల్లు చేర్చిన అలవాటు, తల్లి అబద్ధమాడని నోరు, ఇవియే కట్లు. మునిగిన తరువాత కట్టుట కుదరదు.

అయితే ఇక్కడ ఆగిన యెడల సువార్త సగమే చెప్పినట్లగును. మనలో అనేకులము ఎప్పుడో రంగు దూరిన దారములము. కట్టినవారు సరిగానే కట్టిరి, మనమే విప్పుకొంటిమి. యెషయా ప్రవక్త ద్వారా దేవుడు రక్తవర్ణపు పాపములను హిమమువలె చేయుదునని వాగ్దానము చేసెను. ఎఱ్ఱ బట్ట కట్టిన దినములలో ఆ మాట విన్న జనులలో రంగరులు ఉండకపోయిరా? వారు ఏమనుకొనియుందురు? నలభై యేండ్లుగా రంగులో చేతులు ముంచిన వంశపువాడు "రాదు" అని చెప్పినది విన్న తరువాత, ఆ వాగ్దానము ఎంత అసాధ్యమైన మాటయో నాకు తెలిసినది. ప్రకటన గ్రంథములో సింహాసనము ఎదుట నిలిచినవారి వస్త్రములు ఎన్నడును రంగు తగులని వస్త్రములు కావు. అవి ఉదుకబడినవి. వేరొక రక్తములో ఉదుకబడినవి. ఏ రంగరియు చేయలేని పని అది.

చీర సంగతి ఇట్లుండగా, ముసుగు సంగతి మన మిషనుల చరిత్రనే తాకును. గోదావరి వైపున నరసాపురపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పినది 19వ శతాబ్దపు మిషనరీ కుటుంబములే. కరవులో ఆకలిగొన్న స్త్రీలకు నాలుగు మెతుకులు దొరకవలెనని నేర్పిరి. అది మేలే. ఆ లేసు సముద్రములు దాటి దొరల దేశములకు పోయెను, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. కాని 1982లో జర్మను దేశపు మరియా మీస్ అను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి గ్రంథము ప్రచురించి ఒక చేదు సంగతి బయటపెట్టినది. దినమంతయు అల్లుచున్నవారిని పనివారుగా లెక్కింపలేదు, ఇంట ఊరక కూర్చున్న గృహిణులు తీరికవేళ చేసికొను పనియని లెక్కించిరి. తీరికవేళ పనికి కూలి ఎంత ఇత్తురో మీకు తెలియును. ఇప్పుడు మన ముసుగులకు కుట్టు లేసులో యంత్రపు లేసే హెచ్చు గాని, ఆ లెక్క మాత్రము మన ఇండ్లలో మారినదా? ఆసు పోసిన భార్యను "మా ఇంటిది ఖాళీగనే ఉంటది" అని పరిచయము చేయు భర్తలు అన్ని కులములలోను, అన్ని మతములలోను ఉన్నారు.

అపొస్తలుల కార్యములలో అకుల, ప్రిస్కిల్ల యిద్దరిని చూడుడి. వారు డేరాలు కుట్టు దంపతులు. పౌలు వారి ఇంటనే ఉండి వారితో పనిచేసెను. పరిశుద్ధ గ్రంథము ఇద్దరి పేరులను కలిపియే చెప్పును, కొన్ని చోట్ల భార్య పేరే ముందు వచ్చును. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురుకు చూపి ఏడ్చిరి. యొప్పే సంఘములో "ఎవరు కుట్టిరి?" అను ప్రశ్నకు జవాబు అందరికిని తెలిసియుండెను.

ఇక ధర మాట. ఆ తండ్రి సున్నపురాతి గనిలో పనిచేయువాడు, పట్టుచీర అతనికి తేలిక కాదు. ధర వినగానే, అలవాటు చొప్పున, "ఇంకొంచెం తగ్గించుండ్రి" అనెను. యజమాని కోపపడలేదు. తమ సొంత నూలు కాదనియు, షావుకారు ఇచ్చిన పడుగు నేసి కూలి తీసికొందుమనియు, ఒక్కొక్క పడుగునకు ఏడు చీరలు దిగుననియు, ఇంటిల్లిపాది చేసినను నెల పైబడుననియు వివరముగా చెప్పెను. ఈ చీర మాత్రము మా కొరకు విడిగా చేయుదుమనెను. తండ్రి పెద్దమ్మ భుజము వైపు ఒకసారి చూచి, మరి మాటలాడక బయానా లెక్కపెట్టెను. పెండ్లి డేరాలకును, పాటపెట్టెలకును, మిగిలి పారవేయు అన్నమునకును మనము బేరమాడము. నేతగాని దగ్గర, కుమ్మరి దగ్గర, చెప్పులు కుట్టువాని దగ్గర మాత్రము మన నోరు లేచును. ఆ తండ్రి తరువాత డేరా చిన్నది చేసి ఆ డబ్బు సర్దుకొనెను, అందువలన పెండ్లికి ఏ లోటును రాలేదు.

మన ప్రభువు సిలువ దగ్గర విడిచిన అంగీ కుట్టులేనిదై పైనుండి అంతయు నేయబడినదని యోహాను వ్రాసెను. దానిని ఎవరు నేసిరో గ్రంథము చెప్పదు. కాని ఆ కఠినులైన సైనికులు సహితము దానిని చేతబట్టి చూచి, దీనిని చింపకూడదనుకొనిరి. మంచి నేతను వారు గుర్తుపట్టిరి.

చీర తెచ్చుటకు రెండవసారి పోయినప్పుడు తండ్రి పెద్దమ్మను పెండ్లికి పిలిచెను. "అంత దూరం నాతోని కాదు బిడ్డా," అని ఆమె అనెను. "గింతకాలం నేసినం, మా చీర కట్టిన పెండ్లిపిల్లను ఒక్కదాన్ని గూడ చూడలే. పోటో పంపుండ్రి." పెండ్లియైన మరునాడే పెండ్లికుమార్తె తమ్ముడు ఫోనులో ఫోటో పంపెను. సాయంకాలమునకు ఆమె మనుమని ఫోను నుండి జవాబు వచ్చినది. పిల్ల చక్కగా ఉన్నదట, దేవుడు చల్లగా చూడాలట. భుజము కాడి కొంగుల మూడో పువ్వు పక్కకు కొద్దిగ ఎరుపు దూరింది, కట్టు వదులైనట్టుంది, ఎవరికన్న కనబడ్డదా అని అడిగినది.

మాకెవరికిని కనబడలేదు.