పానగల్ నీడ, వెనక్కి నడిచే లెక్క

నల్లగొండ పక్కనే పానగల్. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో, లింగం వెనక గోడమీద నిలువుగా ఒక స్తంభం నీడ. పొద్దు తిరిగినా అది కదలదు. నేరుగా పడే ఎండ కాదు, చెదిరి లోపలికొచ్చే వెలుతురు చేసే పని అది.

స్తంభం తెలిస్తే నీడ గీయడం తేలికే. నీడను చూసి స్తంభాన్ని చెప్పమంటేనే చిక్కు. ఒకే నీడకు జవాబులు ఎన్నో ఉండొచ్చు. కొలతలో వెంట్రుకవాసి తప్పు జవాబులో గంపెడవుతుంది. 1963లో రష్యన్ గణితవేత్త టిఖనోవ్ దీనికి దారి చూపాడు: జవాబు కొలతకు దగ్గరగా ఉండాలి, మరీ ఎగుడుదిగుడు కాకూడదు. ఈ రెంటి మధ్య త్రాసు ముల్లే పారామీటర్.

ముల్లు ఎక్కడ నిలపాలి?

అసలు కష్టం ఇక్కడే. ముందే ఒక అంకె పట్టుకు కూర్చుంటే కుదరదు. గణితవేత్త మొరొజోవ్ 1966లో చెప్పిన పద్ధతి ఎంతో అందమైనది: పారామీటర్‌ను పెద్ద విలువతో మొదలుపెట్టి తగ్గిస్తూ పోవాలి, జవాబుకూ కొలతకూ ఉన్న తేడా, కొలతలోని తప్పంత కాగానే ఆగాలి. అది దాటితే లెక్క పట్టుకునేది స్తంభాన్ని కాదు, తప్పునే.

నల్లగొండ గ్రానైటు నేలలో బోరుకు ముందు భూమిలోకి కరెంటు పంపి రాతి పొరల్ని అంచనా కట్టేదీ ఇలాంటి లెక్కే. సర్వే కాగితం చేతికొచ్చినప్పుడు, కొలతలో తప్పు ఎంతనుకుని కట్టారో ఒక్కసారి అడగండి.