చిట్టికి ఫిట్స్ వచ్చిన రాత్రి

మొన్న రేపల్లెలో మా కుక్క చిట్టి ఉన్నట్టుండి పక్కకి పడిపోయి కాళ్లు కొట్టుకుంది. నోట్లో నురగ. రెండు నిమిషాలే, నా ప్రాణం మాత్రం నాలో లేదు. తెల్లారగానే తెనాలి తీసుకెళ్లాను. డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "ఈమధ్య గోమార్లకి బిళ్ల వేశారా?"

వేశాం. పది రోజులైంది.

ఆ బిళ్లల్లో ఉండేవి ఫ్లురాలనర్, అఫాక్సోలనర్ లాంటి ఐసాక్సజోలిన్ మందులు. గోమారి నరాల మీద పనిచేసి చంపుతాయి. వీటివల్ల కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని, అంతకుముందు ఫిట్స్ ఎరగని వాటికీ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబరులోనే హెచ్చరించింది. చాలా కుక్కలకి ఏమీ కాదు, అదీ నిజమే. చిట్టికి కారణం బిళ్లేనని డాక్టరుగారు తేల్చలేదు. ఈసారికి వేరే రకం మందు రాశారు.

అలాగని మందే మానేస్తే? బాపట్లలో మా అన్నయ్యవాళ్ల కుక్క గోమార్ల వల్ల వచ్చే జ్వరంతోనే పోయింది.

అందుకే కోరుతున్నా: బిళ్ల వేసేముందు మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకి చెప్పండి. ఫిట్స్ వస్తే నోట్లో చెయ్యి పెట్టకండి. టైము చూడండి, వీడియో తీయండి. అయిదు నిమిషాలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.