గెడ్డ దాటించే భుజాలు

విదేశాల నుండి వచ్చే క్యాలెండర్లలో ఒక బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. సన్నని యేటిమీద కర్ర వంతెన, దానికి ఇంటికి ఉన్నట్టే పైకప్పు, ప్రక్క గోడలు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో అటువంటివి ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ కప్పు వేసినది ముఖ్యంగా బాటసారులు తడవకూడదని కాదు. దూలాలు వానకు నాని పుచ్చిపోకూడదని. అందువల్లనే వాటిలో కొన్ని నూరేండ్లు దాటి నిలిచాయి.

మా హుకుంపేట ప్రాంతంలో కప్పు వంతెనలు లేవు. అయినా 2025 నవంబరులో విశాఖపట్నం నుండి ఒక సంఘ సహోదరుడు కెమెరాతో వచ్చి, "అన్నా, మన కొండల్లో వంతెనలను ఫొటోలు తీద్దాం. సండే స్కూలు పిల్లలకు చూపించవచ్చు" అన్నాడు. నేను, నా భార్య, ఆ తమ్ముడు తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని జీపులో బయలుదేరాము.

అది వలిసె పూల కాలం. కించుమండ, డుంబ్రిగుడ మీదుగా అరకు వెళ్లే రోడ్డు ప్రక్కన చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. చాపరాయి వద్ద పలకరాళ్ల మీద జారే నీటిని చూస్తూ కొంతసేపు ఆగాము. అరకు దాటి బొర్రా వైపు వెళితే, కొత్తవలస నుండి కిరండూల్ పోయే రైలుమార్గం వస్తుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన మార్గమిది. కొండలలో సొరంగాలు, లోయలమీద ఎత్తైన వంతెనలు. 2017 నుండి యాత్రికులు అద్దాల పెట్టెలో కూర్చొని వీటిని చూస్తున్నారు. వంతెన మీద గూడ్సు బండి వెళ్తుండగా ఫొటో దొరికినందుకు మా తమ్ముడు ఎంతో సంతోషించాడు.

తిరుగు ప్రయాణంలో ఒక విశ్వాసి కుటుంబాన్ని పరామర్శించాలని తారు రోడ్డు వదిలి మట్టి దారిన వెళ్లాము. ఒక గెడ్డ దగ్గర ఆ దారి అయిపోయింది. అవతలి గట్టున ఊరు.

"వంతెన ఎటువైపు ఉంది?" అని తమ్ముడు అడిగాడు. పశువులు కాస్తున్న ఒక పెద్దాయన, "వంతెన ఏటి బాబూ! వానల్లో ఇద్దరు డోలీ మోస్తారు, ఇద్దరు నీటికి అడ్డంగా నిలబడతారు" అన్నాడు. ఆ యేడు ఆగస్టులో ఆయన కోడలికి నొప్పులు వస్తే అలాగే దాటించారట. నీరు తగ్గేదాకా రాత్రంతా గట్టుమీదే ఉన్నారట. తల్లి బ్రతికింది. బిడ్డ దక్కలేదు. ఆ మాట చెప్పి ఆయన ఆవుల వెనుక వెళ్లిపోయాడు. నా భార్య ఆ నీళ్లవంక చూస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో యెహోషువ గ్రంథము 3, 4 అధ్యాయములు చదువుకొన్నాము. యొర్దాను నిండుగా పారే కోతకాలం. అక్కడా వంతెన లేదు. మందసాన్ని మోసే యాజకులు నీటిలో అడుగు పెట్టిన తరువాతనే ప్రవాహం ఆగింది. జనులందరూ దాటేవరకు వారు నది నడుమ నిలిచి, అందరికంటె చివర బయటికి వచ్చారు. నిలబడిన ఆ పాదాలే చాలాసేపు నా కళ్లముందు ఉన్నాయి.

దారులు రావడం లేదని కాదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవి తల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన జరిగింది. అందుకు దేవుని స్తుతిద్దాము. మన గెడ్డ కోసం అడగవలసిన చోట అర్జీ పెడదాము. అయితే వంతెన పూర్తయ్యేవరకు వాన ఆగదు గదా! నెలలు నిండిన తల్లిని వానలకు ముందే రోడ్డు ప్రక్క ఊరిలో ఏ విశ్వాసి ఇంట ఉంచుకొనగలము? డోలీ క్రింద భుజం పెట్టగల యౌవనస్థులు మన సంఘములో ఎందరు? మేము మా ఇంటి వెనుక గది ఖాళీ చేసి, ఆ ఊరికి కబురు పంపాము.

మా కొండల్లో దూలాలు మనుషుల భుజాలే. వాటిపై ప్రార్థన అనే కప్పు వేయుదము. ఆమేన్ అన్న తరువాత లేచి మన భుజం కూడా కలుపుదము.