ఉప్పు పెట్టినవారు

మా తాతగారి షికారు కథలను బాల్యమున మేము ఆసక్తితో వినెడివారము. వేసవిలో అడవి చెలమ చెంత ఉప్పు చల్లి, మంచెపై మాటు వేసెడివారట. రెండు రాత్రులు జింకలను ఊరకే నాకనిచ్చి, భయము తీరిన మూడవ రాత్రి తుపాకి పేల్చెడివారట. ప్రాణముండగనే బిస్మిల్లా చెప్పి కోసితిమి గనుక మాంసము హలాలేనని ఆయన వాదము.

అవి 1972కు పూర్వపు మాటలు. ఆ యేటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎర చూపుటను సైతము నేడు వేటగానే నిర్వచించుచున్నది. తుపాకి పేలకున్నను నేరమే.

చట్టము సరే, మమ్ము కలచినవి ఆ మొదటి రెండు రాత్రులు. ఉప్పు తిని ద్రోహము చేసినవానిని నమక్ హరామ్ అందురు. ఉప్పు పెట్టినవాడే ద్రోహము చేసిన ఏమనవలెనని ఒకనాడు తాతగారినే అడిగితిమి. ఆయన కోపగించలేదు. ఆ కథ మరల చెప్పనూ లేదు.