వేలిముద్రకు ఒక పాట

తెలంగాణలోని సారంగాపూర్‌లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అవ్వల బొటనవేళ్లు చూడండి. తునికాకు రాపిడికి గీతలరిగి నున్నబడి ఉంటాయి. రేషన్ మిషన్ ఒక్కోసారి ఆ వేలిని గుర్తుపట్టదు. తుడిచి మళ్లీ పెట్టమంటారు.

అడిగేది వేలిముద్ర ఒక్కటే కాదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వ సమగ్ర కుటుంబ సర్వేలో, ఒక్కరోజులో, ఇల్లిల్లూ తన వివరాలు చెప్పుకుంది. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. ఆ తీర్పును ఈ వాకిళ్ల దాకా మోసుకొచ్చేది పాటే అనిపిస్తుంది నాకు.

ప్రజాగాయకుడు గద్దర్ గొంగడి కప్పుకుని, గజ్జె కట్టి దొరలను నిలదీసిన నేల ఇది. దొర ఎదురుగా కనబడేవాడు. మిషన్ వెనక ఎవరున్నారో తెలియదు. అలాంటిదాన్ని అడిగే పాట కట్టడం కష్టమే. అయినా ఎవరో ఒకరు డప్పు అందుకోవాలి: బువ్వ కోసం మనిషి తన బతుకంతా విప్పి చూపనక్కర్లేదని పాడాలి.