చిన్న కెమెరా, సంక్రాంతి వెలుగు

జనవరి 5, 2025, రాజమహేంద్రవరం

మేనకోడలికి ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని మనసు పుట్టింది. ఇంటర్ రెండో ఏడు. సొంతంగా దాచుకున్న డబ్బులు కొన్ని ఉన్నాయట, వాటితో చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కుంటానంటోంది. చేతిలో మంచి ఫోనుండగా కెమెరా ఎందుకని అడిగాను. "ఫోన్లో ఎలా నొక్కినా బాగానే వస్తోంది మావయ్యా. ఎందుకు బాగొచ్చిందో మాత్రం తెలియట్లేదు" అంది.

ఇంతకంటే మంచి కారణం నేను వినలేదు. ఈ పిల్లకు తగిన కెమెరా ఏదో చూసిపెట్టాలి.

జనవరి 6

స్టూడియో నడిపే మిత్రుడు తన దగ్గరున్న కెనాన్ ఇక్సస్ 185 ఇచ్చాడు, పండగ దాటాక తిరిగిస్తే చాలన్నాడు. 2017లో వచ్చిన మోడల్. అప్పట్లో కొత్తది పదివేల లోపే దొరికేది. చవక కాంపాక్ట్ అనగానే గుర్తొచ్చే రకం ఇదే కాబట్టి పరీక్షకు సరిగ్గా సరిపోతుంది.

పుస్తకంలో రాసిపెట్టుకున్నవి: 20 మెగాపిక్సెళ్లు. సీసీడీ సెన్సర్, సైజు 1/2.3 అంగుళం. 28 నుంచి 224 మిల్లీమీటర్ల దాకా 8 రెట్ల జూమ్. అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే దారి, జూమ్ వెడల్పు చివర ఎఫ్/3.2, దూరపు చివర ఎఫ్/6.9. 2.7 అంగుళాల తెర. బ్యాటరీ, కార్డు కలిపి బరువు 126 గ్రాములు. లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు లేదు. దీని తోటి మోడల్ ఇక్సస్ 190లో అది ఉంది. సోనీ డబ్ల్యూ800లోనూ ఉంది, కాకపోతే దాని జూమ్ 5 రెట్లే.

కొనేవాళ్లు ముందు చూసేది 20 అనే అంకెను. నేనైతే ఎఫ్/6.9 దగ్గర వేలు పెట్టి ఆగమంటాను. వెడల్పు చివర నుంచి దూరపు చివరకు వెళ్లేసరికి లెన్సులోంచి వచ్చే వెలుగు నాలుగో వంతు కంటే కూడా తగ్గిపోతుంది. ఈ కెమెరా ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో సగం ఆ అంకెలోనే ఉంది.

జనవరి 8

తెల్లవారుజామున గోదావరి గట్టు. మంచు దట్టంగా ఉంది. నీరూ ఆకాశమూ ఒకటే తెలుపు, మధ్యలో నల్లగా ఒక పడవ. అమ్మాయి తీసిన మొదటి ఫొటోలో ఆ తెలుపంతా బూడిదరంగుకు దిగిపోయింది. "పొద్దున తీస్తే సాయంత్రంలా ఉందేంటి?"

కెమెరా మీటరు కంటికి మంచని తెలియదు. ఎదుట ఏమున్నా సగటున మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. తెల్లటి దృశ్యాన్ని చీకటి చేస్తుంది, నల్లటి దృశ్యాన్ని పాలిపోయేలా చేస్తుంది. ప్రోగ్రామ్ మోడ్‌కు మార్చి, ఎక్స్‌పోజర్ సవరణను ప్లస్‌లోకి రెండు మెట్లు జరిపించాను. తెలుపు తెలుపుగా వచ్చింది. తర్వాత తనే మూడు, నాలుగు మెట్లు కూడా వేసి చూసుకుంది. నాలుగు దగ్గరకొచ్చేసరికి పడవ నలుపు పలచబడింది. ఎక్కడ ఆపాలో తన కళ్లతోనే తేల్చుకుంది.

ఫోన్ అయితే మంచును గుర్తుపట్టి తనే సర్దేసేది. ఇక్కడ ఆ పని మనిషిది.

జనవరి 9

అదే గట్టు, సాయంత్రం. దూరంగా ఆర్చి వంతెన మీద రైలు. జూమ్ చివరిదాకా లాగి తీసింది. తెర మీద బాగానే కనిపించింది, ఇంటికెళ్లి పెద్దది చేసి చూస్తే కమానుల అంచులన్నీ రెండేసి గీతలు. స్టూడియో వాళ్ల భాషలో 'షేక్ అయింది'.

224 మిల్లీమీటర్ల దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ 1/250 సెకను చుట్టుపక్కల ఉండాలి. సాయంత్రం వెలుగులో, ఎఫ్/6.9 దగ్గర, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే మోతాదు) 100తో 1/80 కంటే వేగం రాదు. ఐఎస్ఓ 400కు పెంచితే వస్తుంది. రేపు అలా తీయమన్నాను.

ఇంకో పని కూడా చేయించాను. మెనూలోకి వెళ్లి డిజిటల్ జూమ్ ఆపించాను. అది దూరాన్ని దగ్గరకు తేదు, ఉన్న బొమ్మను మధ్యలో కత్తిరించి సాగదీస్తుంది. ఆ పని కంప్యూటర్‌లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. కొత్తగా కొన్న ప్రతివాళ్లూ మొదటిరోజే ఆపుకోవాల్సింది ఇదొకటి.

జనవరి 11

ఇంట్లో, ట్యూబులైటు కింద. వంటింట్లో మా వదిన అరిసెల పాకం పడుతోంది. ఫ్లాష్ ఆపి, వెడల్పు చివరే ఉంచి, ఐఎస్ఓ 800. షట్టర్ 1/50 దాకా వచ్చింది. చెయ్యి గోడకు ఆనించి తీస్తే షేక్ లేదు. కానీ చీర ముదురు రంగు మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్స్. 1600కు పెంచితే ముఖంలో వివరమే పోయింది.

దీనికి కారణం పనితనం లోపం కాదు, కొలత. 1/2.3 అంగుళం సెన్సర్ అంటే 6.17 మిల్లీమీటర్ల పొడవు, 4.55 వెడల్పు. దాదాపు కందిగింజంత. పెద్ద కెమెరాల్లో ఉండే 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దీనికి ముప్ఫై రెట్లు. ఈ కందిగింజ మీద రెండు కోట్ల పిక్సెళ్లు కూర్చోబెట్టారు. ఒక్కో దానికి అందే వెలుగు కొంచెమే. మసక వెలుతురులో ఆ కొంచెం కూడా తగ్గితే సంకేతంలో రొద పాలు పెరిగిపోతుంది. ఇదే సెన్సర్ మీద పది మెగాపిక్సెళ్లే ఉన్నా మొదటిసారి కెమెరా పట్టేవాళ్లకు కొదవేమీ ఉండదు.

జనవరి 13, భోగి

మంట వేసేటప్పటికి ఇంకా చీకటే. ఆటో మోడ్‌లో ఉంచితే ఫ్లాష్ కొట్టింది. ముందున్న పిల్లల ముఖాలు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి, మంట ఎరుపు చచ్చిపోయింది. ఆ ఎరుపు కోసమే కదా లేచి వచ్చింది.

ఫ్లాష్ ఆపాం. ఐఎస్ఓ 400. కెమెరాను పిట్టగోడ మీద పెట్టి, టైమర్ రెండు సెకన్లకు వేసి, చెయ్యి తీసేశాం. నొక్కే వేలి కుదుపు కూడా తగలకూడదు. పదో వంతు సెకను షట్టర్‌లో మంట నాలుకలు కాస్త చెరిగాయి, కదలకుండా కూర్చున్న తాతగారి ముఖం మీద వెచ్చటి వెలుగు నిలిచింది. గెంతుతున్న పిల్లలు మాత్రం నీడల్లా వచ్చారు. "ఇది బాగాలేదని ఎవరైనా అంటారా?" అని అడిగింది. అనరు. కానీ అటు తాతగారినీ ఇటు గెంతే పిల్లలనూ ఒకే ఫొటోలో స్పష్టంగా పట్టడం ఈ కెమెరా వల్ల కాదు. అది తెలిసి తీస్తే అందులో ఎవరిని ఎంచుకోవాలో ముందే తెలుస్తుంది.

జనవరి 14, సంక్రాంతి

వాకిట్లో ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మలు, పైన గుమ్మడి పువ్వులు. లెన్సు వెడల్పు చివరే ఉంచి, మాక్రో పెట్టి, పువ్వు మీదకు వంగింది. రేకుల లోపలి నరాలు, పుప్పొడి దుమ్ము, పేడ మీద అంటుకున్న ముగ్గుపిండి పలుకులు, అన్నీ దిగాయి. వెనకనున్న ముగ్గు గీతలు కూడా గుర్తుపట్టేంత స్పష్టంగా ఉన్నాయి. చిన్న సెన్సర్ మనకు ఇచ్చే లాభం ఇది. ముందు వెనకలు రెండూ ఒకేసారి ఫోకస్‌లో ఉంటాయి. వెనకంతా వెన్నలా కరిగిపోయే పోర్ట్రెయిట్లు కావాలంటే దీంట్లో రావు. వాకిలీ పువ్వూ ఒకే చోట కావాలంటే దీనికంటే సులువైనది లేదు.

ఎండ ఎక్కాక తెర మీద ఏమీ కనబడలేదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. అరచెయ్యి అడ్డంపెట్టుకుని తీసింది.

తర్వాత గంగిరెద్దు వచ్చింది. తల ఊపినప్పుడు తీయాలని ప్రయత్నం. నొక్కిన ప్రతిసారీ ఊపు అయిపోయాక పడుతోంది. అప్పుడు చూపించాను: బటన్ సగం నొక్కు, ఆకుపచ్చ గడి వెలిగి ఫోకస్ పట్టుకుంటుంది. అలాగే పట్టుకుని ఉండు. సన్నాయి వినిపిస్తోంది కదా, ఎద్దు ఎప్పుడు తల ఎత్తుతుందో నీకే తెలుస్తుంది. అప్పుడు మిగతా సగం నొక్కు. కాసేపటికి వచ్చింది ఆ ఫొటో. కొమ్ముల కుచ్చులు గాల్లో ఉన్నాయి, నుదుటి మీది గవ్వల పట్టీ పదునుగా ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఈ సగం నొక్కుడే. చూడటానికీ తీయడానికీ మధ్య ఒక క్షణం ఆగడం దాంతో అలవాటవుతుంది. ఫోన్ తెర మీద తట్టే వేలికి ఆ మెట్టు లేదు.

జనవరి 15, కనుమ

వీడియో 720పీ. ఇప్పటి ఏ మామూలు ఫోన్ అయినా దీనికంటే నయం. వీడియో కోసం ఈ రకం కెమెరా కొనకూడదు. బ్యాటరీ లెక్క ప్రకారం సుమారు 200 ఫొటోలకు వస్తుంది. పండగ రోజుల్లో ఇంకో బ్యాటరీ జేబులో ఉండాలి.

జనవరి 17

కార్డులోని ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, బాగాలేనివాటితో మొదలుపెట్టాం. ప్రతి ఫొటో వెనక షట్టర్, అపెర్చర్, ఐఎస్ఓ, లెన్సు కొలత రాసి ఉంటాయి, ఎగ్జిఫ్ అంటారు. నేనేమీ చెప్పలేదు, చదవమన్నాను.

"వంతెన 1/80, జూమ్ చివర. అందుకే షేక్. మర్నాటిది 1/320, ఐఎస్ఓ 400, నిలబడింది. వంటింటిది 1600, అందుకే గ్రెయిన్స్." ఒక్కో ఫొటోకీ కారణం తనే చెప్పేస్తోంది.

ఈ చవక కెమెరాకు నేనిచ్చే విలువ ఇక్కడుంది. ఫోన్ ఒక్క నొక్కుకు ఎన్నో ఫ్రేములు తీసి, కలిపి, రొద తుడిచి, ఆకాశం సర్ది ఇస్తుంది. మధ్యశ్రేణి ఫోన్లలో చాలావాటి ప్రధాన సెన్సర్ కూడా దీనికంటే పెద్దదే. ఫలితం మెరుగు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఫలితంలో నీ నిర్ణయం ఎంత, ఫోన్ నిర్ణయం ఎంత అన్నది విడదీయలేం. ఇక్కడ ఒక నొక్కుకు ఒక ఫ్రేము. చెడిపోతే ఎందుకు చెడిందో అంకెల్లో దొరుకుతుంది. దొరికింది కాబట్టి రేపు దిద్దుకోవచ్చు. నేర్చుకునేవాళ్ల కెమెరాను ఈ తూకంతోనే తూచాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

జనవరి 18

ల్యాబులో ప్రింట్లు వేయించాం. 4×6 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన రెండు మెగాపిక్సెళ్లకు కాస్త ఎక్కువుంటే సరిపోతుంది. ఆ సైజులో మంచు పడవా, గంగిరెద్దూ, ఐఎస్ఓ 800 వంటింటి ఫొటో కూడా చక్కగా ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసి బెంగపడిన గ్రెయిన్స్ కాగితం మీద కనబడవు. 12×18కు లెక్క ప్రకారం 20 మెగాపిక్సెళ్లు సరిగ్గా చాలాలి. పడవది వేయించాం. చెయ్యి చాచినంత దూరం నుంచి బాగుంది, దగ్గరకెళ్తే పడవ తాళ్లు మెత్తబడ్డాయి. అంకె ఉన్నంత మాత్రాన వివరం ఉండదు.

జనవరి 19

మిత్రుడు స్టూడియోలో చెప్పాడు, కాలేజీ పిల్లలు వచ్చి పాత సీసీడీ కెమెరాలు ఉన్నాయా అని అడుగుతున్నారట. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికొచ్చాయి. పదేళ్లలో ఆ లెక్క కోటి లోపుకు పడిపోయింది. ఫోను తినేసిన ఆ చిన్న కెమెరాలే ఇప్పుడు మళ్లీ వెతుకులాటలో ఉన్నాయి, పాతవాటికి ధరలూ పెరిగాయి.

సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో నోబెల్ అందుకున్నారు. గొప్ప వస్తువే. కానీ పిల్లలు మెచ్చుకునే ఆ పాత రంగు ఒక్క సెన్సర్ వల్లే రాదు. ఎదురుగా కొట్టే ఫ్లాషూ, కెమెరా లోపల జేపెగ్ తయారుచేసే పద్ధతీ అందులో పెద్ద పాత్రే వహిస్తాయి. సీసీడీ అన్న పేరొక్కటి చూసి రెట్టింపు ధర పెట్టొద్దని అమ్మాయికి చెప్పాను.

జనవరి 21

పాతది కొనేటప్పుడు దుకాణంలోనే చూసుకోవాల్సినవి రాసిచ్చాను. ఆన్ చేస్తే లెన్సు గరగరమనకుండా సాఫీగా బయటికి రావాలి. జూమ్ రెండు చివర్లలోనూ తెల్లగోడను తీసి పెద్దది చేసి చూడాలి, లోపల దుమ్ముంటే మచ్చలు కనిపిస్తాయి. బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. బ్యాటరీ మూత గట్టిగా పడాలి. ఫ్లాష్ వెలగాలి. ఛార్జర్ కలిపి ఇవ్వాలి, ఆ బ్యాటరీ కొత్తది ఇప్పటికీ దొరుకుతుందో లేదో కనుక్కోవాలి.

ఇక ఏది కొనాలి? ఇక్సస్ 185 వెలుతురున్నచోట నమ్మదగ్గది, చీకట్లో కాదు. దీంట్లో ఐఎస్ఓ, ఎక్స్‌పోజర్ సవరణ చేతికందుతాయి. షట్టర్, అపెర్చర్ మాత్రం మనం ఎంచుకోలేం. ఆ రెండూ చేత్తో తిప్పి నేర్చుకోవాలంటే ఇంకా పాతదైన కెనాన్ పవర్‌షాట్ ఏ590 ఐఎస్ మేలు. 2008 నాటిది, 8 మెగాపిక్సెళ్లే. కానీ మాన్యువల్ మోడ్ ఉంది, కన్ను ఆనించే వ్యూఫైండర్ ఉంది, లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది, ఎక్కడైనా దొరికే రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది. రీఛార్జబుల్ సెల్స్ వేసుకుంటే ఖర్చూ తక్కువ. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే 2010 నాటి పవర్‌షాట్ ఎస్95: పెద్ద 1/1.7 అంగుళం సెన్సర్, ఎఫ్/2.0 లెన్సు, కెమెరా జేపెగ్‌గా మార్చని రా ఫైళ్లు. వంటింటి ఫొటో దాంట్లో ఇంకోలా వచ్చేది.

"మంచి ఏ590 దొరికితే అది. దొరక్కపోతే సరైన ధరకు ఇక్సస్. రెండింట్లో ఏదైనా నీ డబ్బంతా దానికే పెట్టకమ్మా" అన్నాను. మిగిలినదాంతో నెలనెలా తనకు నచ్చిన నాలుగు ఫొటోలు ప్రింటు వేయించుకోవాలి, ప్రతి దాని వెనక షట్టరూ ఐఎస్ఓ పెన్సిల్‌తో రాసుకోవాలి. ఏడాది తిరిగేసరికి తనకు ఏ కెమెరా కావాలో నన్ను అడగాల్సిన అవసరం ఉండదు.